డెబ్బయ్యో ఛానెల్

బేతంచెర్లలో సముద్రం లేదు.
పాలిష్ మిషన్ల కింద కారే తెల్ల నీళ్లున్నాయి.
మా వాకిట్లో ఒక నాపబండ ఉంది,
దాని మీద అలలు ఆరిపోయిన గుర్తులు.
ఆ బండ మీద కూర్చునే
ఓడల రేడియో పరీక్షకు చదువుతున్నాను.

మద్దిలేటి మామ చెక్కతో పెట్టె చేసిచ్చాడు.
సోడా బిరడా, ఎర్ర బటన్.
పొరపాటున చెయ్యి తగలకుండా
దాని మీద ఒక రేకు రెప్ప.
రెప్ప లేపు. నొక్కు. ఐదు లెక్కపెట్టు.

"అరిస్తే గదా మే సుంకులమ్మా, ఇనపడేది."
అరవదు మామా.
డెబ్బయ్యో ఛానెల్లో మాటల్లేవు.
నాలుగు ఒకటి తొమ్మిదితో మొదలయ్యే తొమ్మిదంకెలు,
ఏ ఓడో.
ఎక్కడుందో, ఎన్ని గంటలకో,
మునుగుతోందా, కాలుతోందా, ఊరికే కొట్టుకుపోతోందా.
చుట్టుపక్కల ఓడల్లో కునుకు తీసే పెట్టెలన్నీ
ఒక్కసారి గొల్లుమంటాయి.
మాటలు తర్వాత, పదహారులో.

"మాకూ ఉండె" అన్నాడు. "గడ్డపార.
బండకేసి మూడు దెబ్బలు కొడితే
పక్క గనోళ్లు పనిడిసి ఉరికొస్తుండ్రి."

ఉసేనయ్య మీద పలక జారిన పొద్దు
మూడు కొట్టి, చెవి ఒగ్గి,
ఎవురూ పలకలేదని గడ్డపార పారేసి
రోడ్డుకు పరిగెత్తినాడంట.
వాళ్లు వస్తానే ఉండారంట.
మోత ఆగిపొయ్యేసరికి యాడనో తెలీక
పై గనిలోకి దిగినారంట.

బీడీ ఆరిపోయింది. మళ్లీ వెలిగించలేదు.
"నీ పెట్టెకు ఎవురూ పలక్కపోతే?"
మళ్లీ పిలుస్తుంది.
"ఎన్ని తూర్లు?"
నాలుగు నిమిషాలకొకసారి,
అందిందని ఎవరైనా చెప్పేదాకా.

చాలాసేపు
రాతిలోని అలను బొటనవేలితో రుద్దుతూ కూచున్నాడు.
తర్వాత, ఆ గని ఏ అంకెల్లో ఉంటుందో
ఫోన్లో చూడమన్నాడు.
పదిహేను డిగ్రీల ఇరవై ఏడు ఉత్తరం,
డెబ్బై ఎనిమిది డిగ్రీల తొమ్మిది తూర్పు.
బండలకు గీత గీసే సుద్దతో
పెట్టె మీద రాసుకున్నాడు,
ఒక అంకె చెరిపి మళ్లీ దిద్దాడు.

రాత్రి మంచినీళ్లకు లేచాను.
వాకిట్లో దీపం లేదు.
రేకు రెప్ప కిర్రుమంది.
ఒకటి, రెండు అని గొణుగుడు, ఐదు దాకా.

తలుపు దగ్గరే నిలబడ్డాను.
నాలుగు నిమిషాలు ఎంత పొడుగో
నా పుస్తకంలో రాయలేదు.

మళ్లీ కిర్రుమంది.