కొలత కాగితం

నవంబరులో మొదటిసారి కట్టు విప్పినప్పుడు
ఓయివా మడమ మీద పుండు
నాలుగు సెంటీమీటర్ల రెండు మిల్లీమీటర్లు.
తుంటి విరిగి ఆరువారాలు కదలకుండా పడుకున్నందుకు
ఆసుపత్రి మంచం ఇచ్చిన బహుమతి, అన్నాడు.
కూసమో దాటాక, ఆఖరి బస్సు వెనక్కి తిరిగే చోట
వాళ్ళ ఇల్లు.
నేను వారానికి రెండుసార్లు వెళ్ళే నర్సుని.
సంచిలో వెండి కలిపిన కట్లు, ఉప్పునీటి సీసాలు,
ఒకసారి వాడి పారేసే కాగితపు స్కేలు.

జనవరి దాకా అంకె కదల్లేదు.
పుండు అంచులు తెల్లగా, మొండిగా,
పడవ తప్పిపోయినవాళ్ళలా
ఒడ్డునే కూర్చున్నాయి.

ఒక మంగళవారం వంటగదంతా తారు వాసన,
దాని కింద ఎక్కడో వెన్న వాసన.
ఆయన చెల్లెలు ఐలి
సెగ తగిలీ తగలనట్టు గిన్నె పెట్టి
స్ప్రూస్ బంక కరిగిస్తోంది.
చెక్కపొట్టు, రెండు సూదాకులు, ఒక చీమ
పైకి తేలాయి.
పాత మేజోడులోంచి వడగట్టింది.
"ఉతికిందేలే" అంది నా మొహం చూసి.

చదువుకున్నదాన్ని కదా, వద్దన్నాను.
డాక్టరుకి ఫోన్ చేశాను.
ఆవిడ నవ్వి, అదే బంక మందులషాపులో
ట్యూబులో వస్తుంది, అది రాసి చూడు, అంది.
ఐలికి కోపమొచ్చింది.
"ట్యూబులోది ఏ చెట్టుదో ఎవరికి తెలుసు?"

ఏ చెట్టుదో చూపించడానికి
మోకాలిలోతు మంచులో నడిపించుకుంటూ పోయింది.

పదకొండేళ్ళప్పుడు ఓయివాకి కొత్త గొడ్డలి వచ్చిందట.
వంటచెరుకు కోసం కాదు, గుడిసె కోసం కాదు,
చప్పుడు ఎలా ఉంటుందో విందామని
ఈ మాను మీద వేశాడట.
నాన్న తిట్టలేదు, కొట్టలేదు.
గొడ్డలి తీసేసుకున్నాడు. మూడేళ్ళు ఇవ్వలేదు.

చెట్టు ఆకాశంలోకి పోయింది గానీ
గాటు పైకి పోలేదు.
పదకొండేళ్ళ కుర్రాడి ఛాతీ ఎత్తులోనే ఉంది.
దాన్ని అందుకోవడానికి
ఐలి నడుం వంచాల్సి వచ్చింది.

పైన కారి గడ్డకట్టినదాన్నే గీకింది, కత్తి వెనకవైపుతో.
లోపల ఇంకా మెత్తగా, తేనెరంగులో, చాలా ఉంది.
అది తీయవా అన్నాను.
"అది దాని కట్టు" అంది.
"పక్కవాడి కట్టు విప్పి మనం కట్టుకుంటామా?"

ఫారంలో ట్యూబు పేరు రాశాను.
మడమ మీద ఏముందో
నన్నెవరూ అడగలేదు.

ఫిబ్రవరి: మూడు, ఏడు. తర్వాత మూడు, ఒకటి.
ఒక వారం మళ్ళీ పెరిగింది,
నాకు చెప్పకుండా ఆవిరిస్నానానికి వెళ్ళాడు మరి.
మార్చిలో అంచు చుట్టూ
గులాబీరంగు దారంలాంటిది మొదలైంది.
నేను అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను.

మే నెల. చెరువు మంచు రాత్రంతా విరుగుతూ
ఊరిని నిద్రపోనివ్వని రోజులు.
కట్టు విప్పి, స్కేలు తీసి,
దేన్ని కొలవాలో తెలియక ఆగిపోయాను.
"ఇలా ఇవ్వు" అన్నాడు ఓయివా.
ఊతకర్రలు రెండూ పట్టుకుని, ఆ కాగితం పళ్ళ మధ్య కరిచి,
బురదలో చెట్టు దాకా వెళ్ళాడు.
గాటుకి ఆనించి,
కళ్ళు చిట్లించి చదివాడు:
"పన్నెండున్నర. రాసుకో."

డెబ్బై ఏళ్ళు కావొస్తోంది.
మనిషి పుండు మానింది.
మాను మానలేదు.

నా ఫైల్లో దానికి గడి లేదు.
మార్జిన్‌లో, పెన్సిలుతో, చిన్నగా రాసుకున్నాను.
ఈలోగా ఎండకి మెత్తబడ్డ బంకలో
స్కేలు అతుక్కుపోయింది.
ఆయన లాగబోయాడు.

నేను చెయ్యి పట్టుకుని ఆపాను.
అతుక్కున్న కట్టుని లాగకూడదు,
నా ఉద్యోగంలో
మొదటిరోజు నేర్పింది అదే.