తవుడు

తెల్లారేసరికి తూము దగ్గర మూతులన్నీ పైకి.
శీలావతులు గాలిని కొరుకుతున్నాయి,
ఎవరూ పెట్టని ముద్దని నములుతున్నట్టు.

కాశీనగర్లో బస్సు దిగి నడిచొచ్చింది సుబాసిని సబర్,
కొండమీది పిల్ల, చేపల ఆఫీసులో కొత్త.
ఒకదాని చెంప తెరిచింది.
మొప్ప ఎర్రగా లేదు.
రేవులో ఏళ్ళ తరబడి ఉతికిన ఎర్రంచులా
వెలిసిపోయి, అక్కడక్కడ చీకిపోయి.
"గాలిసి" అంది తన భాషలో.
నాకు అందులో గాలి ఒక్కటే వినబడింది.

పోయిన నెలేగదమ్మా మందు కొట్టాను!
పేలు రాలాయి, మొప్పల పురుగూ చచ్చింది,
వంశధార మీద ఒట్టు, మూడువేల ఏడొందలు.
పురుగు పోతే జబ్బెందుకు పోదు?

అద్దంలోకి చూడమంది.
ముందు నా కనురెప్పే కనబడింది.
తర్వాత, కొక్కేలతో మొప్పని పట్టుకుని
చచ్చిన పురుగు.
దాని ఒంటి నిండా చుక్కలు, గీతలు,
బతికున్నవి.
"అది ఒక్కతే రాలేదు మావుసీ,
అద్దెకున్నవాళ్ళని తెచ్చుకుంది.
ఇల్లు కూలితే వాళ్ళెక్కడికెళ్తారు?
పక్కనే గాయం. తలుపు తీసున్న గది."

పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికిందంటారు.
పేను మీద పెత్తనం ఎవరిదో
సామెత కట్టినవాళ్ళు అడగలేదు.

అయితే వాటినీ చంపేద్దాం, అన్నాను.
సుబాసిని చాలాసేపు గాజుపలక తుడిచింది.
వాటిలో కొన్ని కాపలా కాస్తుండొచ్చంది,
ఇంకా చెడ్డవాటిని రానివ్వకుండా.
ఏవి ఏవో తెలీదంది.
తెలీదనే ఆఫీసరుని చూడటం నాకదే మొదలు.

నా ముందు పుట్టినవాళ్ళిద్దరూ పోతే
మా అమ్మ నన్ను పక్కింటికిచ్చి
చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది.
అందుకే తవిటమ్మని.
చావుని ఏమార్చడానికి అప్పట్లో
ఆ మాత్రం బేరం సరిపోయింది.
ఇన్నేళ్ళూ ఈ నీళ్ళలో
పిడికిళ్ళతో చల్లింది నా పేరునే.

ఇవాళ చల్లలేదు. మేత ఆపమంది,
నీళ్ళు మార్చమంది,
పోయినవాటిని గట్టున పారెయ్యక
సున్నమేసి పాతమంది.
పాతాను. నూట పదహారు.
ఎవరింటి పెళ్ళికో చదివింపులు రాసినట్టుంది లెక్క.

సీసాలో నా చెరువు ముక్క పట్టుకుని
ఆఖరి బస్సుకి వెళ్ళిపోయింది. మంగళవారం వస్తానంది.

పంపు చప్పుడు. తూము దగ్గర నురగ.
రెండు మూతులు మునిగాయి, ఇంకో నాలుగు తేలాయి.
గట్టుమీద కూచుని తల గోక్కోబోయి,
లోపల ఎవరెవరున్నారో అని
చెయ్యి ఆపేశాను.