మూడు వందల దగ్గర

రాత్రి రెండు. జ్ఞానాపురం, మూడో అంతస్తు.
ఫ్యాను ఆపేశాను, దాని గాలి కూడా ఒక స్వరమే కాబట్టి.
హెడ్‌ఫోన్ మెత్తల్లోకి చెమట ఇంకుతోంది.

తెర మీద పదకొండు ట్రాకులు.
కిక్కు, బేసు,
ఫిషింగ్ హార్బర్లో ఐసు దిమ్మలు నలిపే మిషను,
బోటు డీజిలింజను చప్పుడు సాగదీసి సాగదీసి చేసిన ప్యాడు,
ఇంకా, ఎర్నమ్మ పాట.
పాటంటే పాట కాదు, వేలంపాట.
వంజరాల గంప ముందు
"ఎనిమిదొందలు, ఎనిమిదొందలు, ఎనిమిదొందల యాభై"
అని తెల్లారగట్ల ఆమె అరుస్తుంటే
ఫోను పట్టుకుని పక్కన నిలబడ్డాను.
అడిగే తీసుకున్నాను.
"నా గొంతేటి సేసుకుంటావురా" అని నవ్వింది.

విడివిడిగా వింటే ఒక్కోటీ బంగారం.
కలిపితే బురద.
పోర్టు కాలువ నీళ్లలా
నూనె, ఖనిజం దుమ్ము, ఆకాశం
అన్నీ అందులోనే ఉన్నాయి, ఏదీ కనబడదు.

మొదట అందరూ చేసేదే చేశాను.
ఎర్నమ్మ వినబడట్లేదని ఎర్నమ్మని పెంచాను.
కిక్కు మునిగింది, కిక్కుని పెంచాను.
బేసు అలిగింది.
గంట తిరిగేసరికి మీటర్లన్నీ ఎరుపు.

దేముడు మావయ్య మంచినీళ్లకి లేచాడు.
ముప్ఫయ్యొక్క ఏళ్లు షిప్‌యార్డులో
ఓడల డొక్కల్లో తుప్పు రాల్చిన మనిషి.
ఆ సుత్తులు ఆయన చెవుల్లోంచి
నాలుగు వేల పైన ఉన్నదంతా కోసుకుపోయాయి.
కీచురాళ్లు ఆయనకి లేవు. కుక్కరు విజిలు సగమే.
మనవరాలి పట్టీల్ని చూసి నవ్వుతాడు, విని కాదు.

హెడ్‌ఫోన్ వైరు పీకి, స్పీకరు సన్నగా పెట్టాను.
దాని గుండె మీద అరచెయ్యి ఆనించాడు, నాడి చూసినట్టు.
"ఇదేటి, అందరూ ఒక్క గుమ్మంలోంచే దూరతన్నారు?"

కాసేపాగి అన్నాడు:
"డొక్కలో మేం పదిమందిమి.
ఎంత అరిసినా ఒకడి మాట ఒకడికి అందదు. ఊపిరి దండగ.
అప్పుడు పక్కోడు ఎత్తిన సుత్తి దించకుండా ఒక్క చిటిక ఆగీవోడు.
ఆ సందులో సెప్పీసీవోళ్లం
అన్నం తిన్నావా అనో, కాలు తియ్యరా అనో."
గ్లాసు బోర్లించి వెళ్లి పడుకున్నాడు.

అప్పుడు ఈక్యూ తెరిచాను.
గీత మీద ఒక సన్నటి కొండ లేపి
దాన్ని ఎడమ నుంచి కుడికి మెల్లగా నడిపించాను,
గోడ లోపల ఎలుక ఎక్కడుందో తట్టి చూసినట్టు.
మూడు వందల దగ్గర ఐసు మిషను బొబ్బరించింది.
దొరికావ్. కొండని గొయ్యి చేశాను.
ప్యాడుకి నూట యాభై కింద ఉన్నదంతా తీసేశాను.
ఒంటరిగా వింటే ఎండుచేప, ముల్లూ తోలూ.
కలిపి వింటే ఏం పోయిందో నాకే తెలీలేదు.
యాభై ఐదు కిక్కుది. బేసు తొంభైకి జరిగి కూర్చుంది,
బస్సులో సీటు ఇచ్చినవాడిలా కొంచెం గంటు మొహంతో.

ఎర్నమ్మని కూడా అలాగే కోశాను.
రెండు వందల కింద తీసేస్తే మాట స్పష్టం,
ఇప్పుడొచ్చే రైలు ఎన్నో ప్లాట్‌ఫారమో చెబుతున్నంత స్పష్టం.
ఎర్నమ్మే లేదు అందులో.
నలభయ్యేళ్ల అడ్డపొగ ఆ గొంతు అడుగున పేర్చిన గరగర
నూట ఎనభైలో ఉందట.
తిరిగి పెట్టేశాను.
ఆవిడ నిలబడేంత చోటు
మిగతా పదింట్లో తవ్వాను, ఒక్కోదానిలో వేలెడు.

చివర్లో, ఎవరూ అడక్కపోయినా,
ఎనిమిది వేలలో మెరిసే హైహ్యాటుకి ఒక జోడీ చేసి
రెండున్నర వేలకి దింపి సన్నగా కలిపాను.
మావయ్య చెవులు మూసేసే గేటుకి ఇవతల.

పొద్దున హార్బర్లో
ఎర్నమ్మకి ఒక చెవిలో ఇయర్‌ఫోను పెట్టాను.
రెండో చెవి బేరం మీదే ఉంచింది.
నాలుగు నిమిషాలు. మొహంలో ఏమీ కదల్లేదు.
తీసి నా చేతిలో పెట్టి,
"బాగానే ఉంది గానీ,
పాట ఎవడికి పోయిందో సెప్పలేదేటిరా?"