కాగితంలో ఎనిమిదే

ఆకివీడులో సగంమంది చెరువుల కాగితాలు
నా మిషను కడుపులోంచి వెచ్చగా బయటికొచ్చినవే.
రొయ్యకి లైసెన్సు, ఏరియేటర్ల కరెంటుకి దరఖాస్తు,
పాసుపుస్తకం, ఆధారు ముందూ వెనకా.
షారోను జిరాక్స్ అంటే నేనే, కరుణని.
ఎవరి సంతకం ఎటు వాలుతుందో
కళ్ళు మూసుకుని చెబుతాను.

నాకంటూ ఒక ఫారం నింపుకున్నది మాత్రం
మొన్న ఆగస్టులోనే.

పెరట్లో గుంట తవ్వించి
రొయ్యల చెరువోళ్ళు పారేసిన నల్ల పట్టా పరిచాను.
అందులో మాండరిన్ బాతులు అయిదు.
మగవి రెండూ
బ్యాండుమేళం కోటు తొడుక్కుని
పెళ్ళి ఎక్కడో మర్చిపోయినట్టు తిరుగుతాయి.

కోతలయ్యాక చేలల్లోకి మందని తోలుకొచ్చే
నెల్లూరు చెంచయ్య గోడమీంచి చూశాడు.
"గుడ్డు రోజూ పెడతదా?"
ఏడాదికి ఓ పది.
"పోనీ, కూరకా?"
అయ్యో, కాదు.
"మరి దేనికమ్మా?"
వెయ్యి బాతుల్ని ఒక్క కర్రతో నడిపే మనిషికి
ఏం చెప్పాలో నాకు తెలీలేదు.
ఆయన వెయ్యింటికీ కాగితం అడిగినవాడు లేడు.
నా అయిదింటికీ
కుడిపక్క ఫోటో, ఎడమపక్క ఫోటో,
కాలి కడియం నంబరు కనబడేలా ఇంకోటి.
బాతు ఆగదు.
ఆగితే సర్వరు ఆగుతుంది.
పుట్టిన తేదీ అన్నచోట
మా అమ్మకి బళ్ళో వేసినట్టే
జులై ఒకటి వేశాను.

ఆడబాతు గుడ్లు పెట్టి లేచిపోయింది.
తొమ్మిదింటినీ నాటుకోడి కింద సర్దాను.
ఇరవైయొకటో రోజుకి కోడికి అనుమానమొచ్చింది,
ముప్పైయో రోజుదాకా
నా మొహం చూస్తూ కూర్చుంది.
నాలుగు పిల్లలు.
పుట్టినా రాయాలి, పోయినా రాయాలి.
ఒకదాన్ని ముంగిస పట్టుకెళ్ళింది.
మరణ కారణం: ముంగిస.
"ఆధార పత్రం జతచేయండి" అంది తెర.

తనిఖీకి బీటు ఆఫీసరు నాగభూషణంగారు వచ్చారు,
ప్యాంటు మోకాలిదాకా మడిచి,
పెన్నుతో గాలిలో చుక్కలు పెట్టుకుంటూ.
మళ్ళీ లెక్కపెట్టారు.
"ఇక్కడ తొమ్మిదున్నాయండి. కాగితంలో ఎనిమిదే."

తొమ్మిదోది గట్టువార ముడుచుకునుంది.
పొట్టిది, బురదరంగుది,
కాలికి వలతాడు కోసిన గీత.
పరజ.
రాత్రెప్పుడో ఉప్పుటేటి వైపునుంచి వచ్చి పడింది.

"దీన్ని ఉంచుకోకూడదమ్మా."
నేను ఉంచుకోలేదండి, అదే ఉంది.
ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు.
"చైనా బాతుకయితే మీ ఫారంలో గడి ఉంది.
కొల్లేటి బాతుకి లేదు. నన్నేం చెయ్యమంటారు?"
ఆయ్, నిజమే, ఆయన్నేం చెయ్యమంటాను.

కాలికి పసుపు రాశాను.
ఏ-ఫోర్ కాగితాల అట్టపెట్టెకి
పెన్సిలుతో బెజ్జాలు పొడిచాను.
చెడిపోయిన జిరాక్సు వెనకాల ఆయన రాసిచ్చారు:
పరజ ఒకటి, గాయపడినది, ముట్టినది.
అలవాటున దానికి రెండు కాపీలు తీశాను.
బండి వంతెన దాటేదాకా
పెట్టెలో గీకుతున్న చప్పుడు వినబడుతూనే ఉందనిపించింది.
వినబడదు, బండి చప్పుడుకి.

ఇప్పుడు చీకటిపడే వేళ
పైన పరజలు బారులుగా పోతుంటే
కింద ఎనిమిదీ మెడ పక్కకి వాల్చి
ఒక్కో కంటితో చూస్తాయి.
అందులో మనది ఉందో లేదో.

పిల్లల ఫారాలు నిన్న పంపాను.
తల్లి వివరాలు అన్నచోట
లేచిపోయినదాని కడియం నంబరే వెయ్యాలి, వేశాను.
కోడి మాత్రం
పిల్లలు నీళ్ళలో దిగిన ప్రతిసారీ
మునిగిపోతున్నాయి బాబోయ్ అన్నట్టు
పట్టా అంచున అటూ ఇటూ పరిగెడుతూనే ఉంది.