గుమ్మం దగ్గర కర్రలు

నాకు చదువు రాదు. సంకటి కెలకడం వచ్చు.
లెసోతో కొండల మీద, హా-మొఖెలే బడిలో
పగటి పిల్లలకు వండాక మిగిలిన నిప్పును
పన్నెండేళ్లుగా బూడిద కింద దాస్తున్నాను,
రాత్రి పిల్లల కోసం.

రాత్రి పిల్లలంటే మేకలు కాసేవాళ్లు.
మందను దొడ్లోకి తోలి, గడియ వేసి,
మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు,
మెడ దగ్గర పిన్నీసు గుచ్చిన కంబళి,
చీకట్లో ఈలలేసుకుంటూ వస్తారు.
లిమకాత్సో టీచరుది ఒక్కటే నియమం:
కర్రలు గుమ్మం బయటే.

మొదటి రాత్రి ఎంత గొడవ!
కర్ర లేకపోతే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో
ఒక్కడికీ తెలీలేదు.
పై ఊరివాడూ కింది ఊరివాడూ,
గడ్డి కోసం తలలు పగలగొట్టుకున్నవాళ్లే,
ఒకే బల్ల మీద
మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు.
ఆ చోటు నిండడానికి చలికాలం రావాల్సొచ్చింది.
నిండింది చదువుతో కాదులెండి, చలితో.
ఏదైతేనేం.

రిజిస్టరు అడిగింది: పుట్టిన తేదీ?
మొత్లాలెపుల బుర్ర గోక్కున్నాడు.
వానతో వచ్చినవాడని ఆ పేరుకు అర్థం.
పుట్టిన నాడు వాన పడిందని తెలుసు,
ఏ ఏటి వానో చెప్పేవాళ్లు లేరు.
"పోనీ, నీ మేకల పేర్లు చెప్పు" అంది టీచరు.
ఊపిరి తిప్పుకోకుండా నలభై ఒకటి చెప్పాడు.
కుంటిది, గొణిగేది, పెళ్లికూతురు, పోలీసు...
అన్నీ బోర్డు మీద రాసింది.
వాడి మొదటి వాచకం అదే.
పోలీసు అనే మేకను కూడబలుక్కుని చదివిన రాత్రి
వాడి నవ్వు చూస్తూ నిలబడిపోయాను,
సంకటి అడుగంటింది.

బొచ్చు కత్తిరించే రోజుల్లో
తూకం షెడ్డులో యజమాని పొషోలి
రసీదు మడిచి టోపీలో దోపుకుంటుంటే
వీడు మెల్లగా అన్నాడట:
"అయ్యా, ముల్లు ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది.
కాగితంలో ముప్పై ఒకటే ఉంది."

ముందు దెబ్బ పడింది వీడికే,
నలుగురిలో పరువు తీశాడని.
మేకల్ని చూడమంటే
కాగితాలు చూడ్డమేంటని.
మూడు రాత్రులు వాడి చోటు ఖాళీ.
వాడి వంతు సంకటి తీసి, మూత పెట్టి,
పొద్దున కుక్కకు వేశాను, తిట్టుకుంటూ,
ఎవర్నో తెలీదు.

నాలుగో రాత్రి వాడొచ్చాడు.
వెనకాలే పొషోలి.
చలి కాచుకుందామని, అంతే, అన్నాడు.
గుమ్మంలో కాసేపు నిలబడి
ఇత్తడి పొన్ను వేసిన తన కర్రను
పిల్లల కర్రల పక్కన ఆనించాడు.
అరవై దాటిన మనిషి, పొట్టి బల్ల మీద,
మోకాళ్లు గడ్డానికి తగులుతూ.

"మీ మేకల చెవి గుర్తు ఎలా ఉంటుంది?"
టీచరు సుద్దముక్క ఇచ్చింది.
నిలువుగా ఒక గాటు, కింద అడ్డంగా ఒకటి.
"మన దేశం పేరు ఈ అక్షరంతోనే మొదలవుతుంది" అంది.
ఎంతసేపు చూశాడో దాన్ని.
నలభై ఏళ్లుగా కత్తితో రాస్తూనే ఉన్నాడు,
చదవడమే తెలీలేదు.

మరుసటి ఏడు కూడా తూకం తగ్గింది.
బడి ఏమీ మంత్రం వెయ్యలేదు.
కాకపోతే ఈసారి షెడ్డులో
పదకొండు మంది గట్టిగా చదివారు,
కింది ఊరి రసీదును పై ఊరివాడు సైతం.
గుమాస్తా కళ్లజోడు తుడుచుకుని
మళ్లీ తూచాడు.

ఇంతకీ నా సంగతి.
గోడ ఇవతల నుంచి విన్నదే నా చదువు.
గరిటెల లెక్క మాత్రం నాదే:
నిరుడు ఇరవై, ఈ ఏడు ముప్పై మూడు.
పెద్ద కుండ కావాలి, అర్జీ పెట్టమంటే
నువ్వే రాయి అంది టీచరు.
బయట మంచు పడుతోంది.
కర్రలన్నీ తెల్లబడి
ఏది ఏ ఊరిదో తెలియడం లేదు.
కుండ అని రాశాను.
తప్పో ఒప్పో
మొత్లాలెపులను అడగాలి.