రెహన్

నెర్మీన్ మేడం కండ్లద్దాలు సరిచేసుకొని
కంప్యూటర్ మీద నా పదేండ్లను
కిందికీ మీదికీ జరిపింది.
ఒక్కతాన ఆగింది.
'ఇదేంటిది?'
తెగిన వేలికి చుట్టిన గుడ్డ తీరు
అక్కడ ఒక ఎర్ర గీత.

చెప్పిన.
అజ్మాన్ ఇండస్ట్రియల్ ఏరియాల
అల్యూమినియం, గ్లాసు షాపు.
నలుగురు పనోళ్ళు, ఒక కోత మిషను.
కాంట్రాక్టరు ఇచ్చిన చెక్కు తిరిగొచ్చింది.
దాని వెనకనే నేనిచ్చిన చెక్కులు,
బడి వదిలితే పిల్లలొచ్చినట్టు
ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకొని.

అటెన్క ఒప్పందం.
నెలకు రెండువేల మూడొందల దిర్హాములు,
యాభై నాలుగు నెలలు.
బ్యాంకోళ్ళ కత్తెరతోనే
నా కార్డులు నేనే కోసిన.
ముక్కలు పాలడబ్బాల ఏసి రజిత దాచింది.
ఎందుకే అంటే
'మల్ల మర్శిపోతవ్' అన్నది.

వసూళ్ళ ఆఫీసు షినోజ్ నంబరు
ఫోన్ల 'చిన్నత్త' అని రాసుకున్న,
బిడ్డ చూస్తే బెదరొద్దని.
నెలనెలా నాలుగో తారీఖు చిన్నత్త ఫోను.
'చిన్నత్త నాతోని ఎందుకు మాట్లాడదు నాన్నా'
అని సహజ ఒకపారి అలిగి అన్నం తినలె.

దేశం దాటొద్దని కాగితం ఉన్నన్ని దినాలు
విమానాల దిక్కు వీపు పెట్టి
వేరేటోళ్ళ గోడలకు అద్దాలు బిగించిన.

ఆఖరి కిస్తు నాడు షినోజే ఫోను చేసిండు.
'లింగం భాయ్, ఇగ నేను చెయ్య.'
మా దిక్కు రుణం తీరిందంటే
ఎవరో కన్నుమూసినట్టు.
ఆ రాత్రి మా ఇల్లు గూడ అట్లనే ఉండె.
అన్నం వండుకున్నం,
ఎవరం ఎక్కువ మాట్లాడలె.

మర్నెల అయిదో తారీఖు
రజిత చెయ్యి చాపింది, తే అని.
ఎవరికే? మనకే.
మూడేండ్లు అదే రెండువేల మూడొందలు
మాకు మేమే బాకీ ఉన్నట్టు కట్టుకున్నం.
ఇంటి ధరల మూడో వంతు అట్ల కూడింది.

మేడం అంతా విన్నది.
రెండు బ్యాంకులు వద్దన్నయని గూడ చెప్పిన,
దాచుడు నాకిగ చేతగాదు.
'క్లియరెన్స్ లెటర్ ఉందా?'
ఉన్నది. మూడు జెరాక్సులు.
ఒకటి లామినేషన్ గూడ చేయించిన.
ఆమె నవ్వలె.
నవ్వితే ఏడ్శేటోణ్ణి.

అరబ్బీ కాగితం మీద వేలు పెట్టి
'రహన్' అని చదివింది.
ఎరుకే ఆ మాట.
మా తాత చెలక ఉర్దూ కాగితంల
అదే ముక్క ఉండె, రెహన్.
ఆ చెలక మల్ల మా చేతికి రాలె.
దాని పుట్టిల్లు ఇక్కడేనని
ఇరవై ఏండ్లకు నాకిప్పుడెరుకైంది.

ఇంక చేతికి రాని ఇల్లు, అప్పుడే తాకట్టు.
గుంతకూ పునాదికీ తేడా ఏందని
రజితను కండ్లతోని అడిగిన.
'పెట్టు' అన్నది.
పెట్టిన.

ఒక్కటి మాత్రం మేడంకు చెప్పలె.
ఆ బిల్డింగు కిటికీలు నేను బిగించినయే.
నూట నలభై రెండు.
వాటి పైసలే రానియి.
బ్యాంకు పంపిన మనిషి వచ్చి చూసి
'కిటికీలు బాగున్నవి' అని రిపోర్టుల రాసిండు.
ఇరవై ఏండ్లు కిస్తులు కట్టి
నావి నేనే కొనుక్కోవాలె.

తాళం తీసినంక సహజ ఉరికిపోయి
వంటింటి కిటికీ జరిపింది.
సగంల పట్టేసింది.
నాకెరుకే,
ఆ దినం ఒక స్క్రూ తక్కువైంది.

'కొంచెం లేపి జరుపు బిడ్డా' అన్న.