గేజీ పలక

కాలువ కట్టేసిన మర్నాడు
అడుగున మిగిలిన మడుగుల్లో ఊరంతా జెల్లలు ఏరుకుంటుంటే
మా నాన్న నన్ను రెక్క పట్టుకుని
లాకు గోడ దగ్గరికి దింపేవాడు.
తెల్ల ఎనామిలు మీద నల్ల అంకెలు,
మోకాలెత్తు దాకా పాచి.
"మడమలానించు. గెడ్డం పైకెత్తకు. దొంగతనం చెయ్యకే."
నెత్తిన పెట్టేది స్కేలు కాదు,
నీటిమట్టం రిజిస్టరు అట్ట.

లస్కరు చింతా ఏడుకొండలుకి
గడి ఖాళీగా వదలడం చేతకాదు.
*నీరు: సున్న.
పిల్ల: మూడడుగుల రెండంగుళాలు.*
ఓవర్సీరు వేలు పెట్టి ఇదేటయ్యా అంటే
"అదీ పెరిగేదేనండి" అన్నాడంట.

ముందు పళ్లూడిన ఏడు మూడూ ఎనిమిది.
జూన్‌లో నీళ్లొదిలిన పదో రోజుకి
కాలువ నన్ను దాటిపోయింది.
గట్టు మీద నించుని చూశాను,
నా నెత్తి మీదుగా
కొబ్బరికాయల పడవ వెళ్లిపోతోంది.

తమ్ముడు గవర్రాజు రెండేళ్లు నా చెవి దగ్గరే ఆగిపోయాడు.
మూడో ఏడు ఒక్కసారే ఐదంగుళాలు.
రాత్రుళ్లు పిక్కలు లాగుతున్నాయని ఏడుపు,
అమ్మ నూనె వెచ్చజేసి రాసేది.
పొద్దున్న లేచి మాట్లాడితే
గ్రీజు పెట్టని లాకు తలుపు.

పదమూడో ఏట నా అంకె లేదు.
చాప మీద కూచోబెట్టి చిమ్మిలి తినిపిస్తున్నారు.
నాన్న ఒక్కడే మెట్లు దిగి
పలక ముందు కాసేపు నించుని
*నీరు: సున్న* అని రాసి వచ్చేశాడంట.
మరుసటేడు పిలవలేదు. నేనే వెళ్లాను.
అట్ట పెట్టడానికి ఆయన చెయ్యి మొహమాటపడింది.
ఓణీ నడుంలో దోపుకుని
నేనే నెత్తిన పెట్టుకుని వేలితో నొక్కి చూపించాను.

పంతొమ్మిదికి ఐదూ ఒకటిన్నర.
ఇరవైకీ అంతే.
ఇరవై ఒకటికీ అంతే.
"నిండు మట్టం" అన్నాడు. "ఇంక తూము తియ్యడమే."
నవ్వు రాలేదు నాకు.

కడుపుతో ఉన్నప్పుడు
పలక ముందు పక్కకి తిరిగి నించున్నాను.
దానికి అంకె లేదు.
ఆ తొమ్మిది నెలల్లో పాదాలు అర సైజు పెరిగి
మళ్లీ తగ్గలేదు.
ఎర్ర పట్టీల చెప్పులు చెల్లెలికిచ్చేశాను.
ఆ సంగతి ఏ రిజిస్టరులోనూ ఉండదు.

రిటైరైన ఏడు నాన్నే అడిగాడు, నన్ను కొలవమని.
ఉద్యోగం కాగితాల్లో ఐదూ ఏడు.
అట్ట పెడితే ఐదూ ఐదు.
ఆయన కిందికి చూశాడు,
మట్టిని బొటనవేలితో గీరాడు.
"పూడిక లోతుగా తీసేశారే ఈసారి."
నేనూ నించుంటే తేలిపోయే ముచ్చట.
నించోలేదు.
"అవున్నాన్నా, బాగా లోతుగా తీశారు."

ఇప్పుడు నాకు అరవై మూడు.
మోకాళ్లలో గుజ్జు అరిగిందని అమలాపురం డాక్టరు,
మెట్లు దిగొద్దని కోడలు.
ఏప్రిల్లో కాలువ కట్టేశాక
ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి
గవర్రాజు మనవరాలు హర్షిత భుజానికి ఆనించి
పదకొండు మెట్లు, ఒక్కోదాని మీదా రెండు కాళ్లూ పెట్టుకుంటూ దిగాను.
పలక తుప్పు పట్టింది. నాలుగు కనపడదు.
ఐదు ఉంది.

అది మునివేళ్ల మీద లేచి
లెక్కల పుస్తకం నా నెత్తిన పెట్టింది.
"ఐదే మామ్మా." మళ్లీ చూసి,
"ఐదుకి కొంచెం కింద."
మట్టి కేసి చూశాను.
తడి ఆరి పెచ్చులు లేస్తోంది, ఎండ్రకాయ కన్నం ఒకటి.
"పూడిక లోతుగా తీసేశారే" అన్నాను.

నమ్మలేదు.
నన్ను పక్కకి జరిపి
తనే మడమలానించి నించుంది,
గెడ్డం బాగా పైకెత్తేసి.